అప్‌డేట్: కార్గో వ్యానా, స్ట్రెయిట్ ట్రక్కా?

అమెరికాలో ఎక్స్‌పెడైట్ లోడ్లకు (అర్జెంటుగా చేర్చాల్సిన సరుకుకు) కార్గో వ్యాన్‌తో మొదలుపెట్టాలా, స్ట్రెయిట్ ట్రక్కుతోనా (క్యాబిన్, సరుకు పెట్టె ఒకే ఛాసిస్ మీద ఉండే ట్రక్కు) అని ఇంతకుముందు అడిగాను కదా, మీ జవాబులు, రూల్స్ కలిపి చూస్తే తేలింది ఇదీ.

ముందు డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద జీవీడబ్ల్యూఆర్ (సరుకుతో కలిపి బండికి అనుమతించిన గరిష్ఠ బరువు) చూడాలి. రాష్ట్రాలు దాటే సరుకుకు 10,001 పౌండ్ల నుంచి డాట్ (అమెరికా రవాణా శాఖ) మెడికల్ కార్డు, డ్రైవింగ్ గంటల లెక్క మొదలవుతాయి. మెర్సిడెస్ స్ప్రింటర్ 3500 వ్యాన్లలో 11,030 పౌండ్లవీ ఉన్నాయి, వ్యానే కదా అని కొంటే ఇరుక్కున్నట్టే. 26,000 పౌండ్ల వరకు సీడీఎల్ (కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్స్) అక్కర్లేదు, హజ్‌మత్ (ప్రమాదకర సరుకు) ప్లకార్డు పెట్టాల్సిన లోడ్ అయితే తప్ప.

స్ట్రెయిట్ ట్రక్కులో ఒక్కరే ఉంటే 10 గంటల విశ్రాంతి తర్వాత 14 గంటల్లోపు 11 గంటలే నడపాలి. లోడింగ్ డాక్ దగ్గర కాచుకున్నా ఆ 14 కరిగిపోతూనే ఉంటాయి. అందుకే దూరం లోడ్లు స్లీపర్ (పడుకునే చోటు) ఉన్న ఇద్దరు డ్రైవర్ల బండికే ఎక్కువగా పోతాయి.

రేటు మాత్రం మొత్తం మైళ్ల మీదే చూడండి. 400 మైళ్లకు మైలుకు 1.50 డాలర్లంటే 600. పికప్‌కు ఖాళీగా 150 మైళ్లు పోతే మైలుకు పడేది 1.09. డీజిల్, ఇన్సూరెన్స్, టైర్లు అందులోంచే. డెడ్‌హెడ్‌కు (ఆ ఖాళీ మైళ్లకు) విడిగా ఇస్తారో లేదో లోడ్ ఒప్పుకునే ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

ప్రస్తుతానికి 10,000 పౌండ్ల లోపు వ్యాన్‌కే మొగ్గు.