అప్‌డేట్: సింగపూర్‌లో బెయిల్ సీను నిలబడదు

మొన్న నేనడిగింది: ఓ థ్రిల్లర్‌లో పర్లాకిమిడి కుర్రాడు 600 గ్రాముల గంజాయితో సింగపూర్ విమానాశ్రయంలో దొరికి, మర్నాడే బెయిల్ మీద బయటికొస్తాడు, కుదురుతుందా అని. కుదరదండీ. అక్కడ 500 గ్రాములు దాటితే ఉరిశిక్ష పడే నేరం, బెయిలుండదు. రచయిత మన ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) లెక్కని అక్కడ అతికించాడు; వాణిజ్య పరిమాణం, అంటే భారీ శిక్షలు, కఠిన బెయిల్ షరతులు మొదలయ్యే హద్దు, 20 కిలోలన్నది మన దగ్గరే.

"సంచిలో ఏముందో తెలీదు సార్" అన్న డైలాగూ అక్కడ చాలదు. సంచి చేతిలో ఉంటే తెలిసినట్టే చట్టం లెక్క; తెలీదని రుజువు చేసుకోవాల్సింది ఆ కుర్రాడే. కథకి ఊపిరి అదే, రెండు పేజీల్లో తేల్చేయడం నిజంగా బాధేసింది.

ఇంకో దారుంది: 2013 నుంచి, ఉత్త మోతగాడని తేలి, డ్రగ్స్ రవాణాని అడ్డుకోడానికి సాయపడ్డాడని ప్రాసిక్యూటర్ సహకార పత్రమిస్తే జడ్జి ఉరికి బదులు యావజ్జీవం, కనీసం 15 బెత్తం దెబ్బలు వేయొచ్చు.