మందారం కుట్టిన ఎర్రదారం రంగు తెల్లగుడ్డకు అంటింది, ఎలా వదిలించాలి?

మాది కడప. మిద్దె మీద ముప్పై పూల కుండీలున్నాయి. జూన్, జూలైలో చామంతి కొమ్మలు నాటుతాను, చలికాలమంతా పూలతోనే సరిపోతుంది. మార్చి దాటాక ఎండకు అక్కడ నిలబడలేం. పొద్దున, సాయంత్రం నీళ్లు పోసి, పగలంతా క్రాస్ స్టిచ్ (గళ్ల గుడ్డ మీద గడికో ఇంటూ గుర్తులా వేసే కుట్టు) కుడతాను. నా కుండీల్లో పూసిన పూలనే గళ్ల కాగితం మీద గీసుకుని కుడతాను, అందుకే అవి నాకు రెండు పనుల్లా అనిపించవు.

ఈసారి ఎర్ర ముద్దమందారం కుట్టాను. అంగుళానికి 14 గళ్లుండే తెల్లగుడ్డ మీద 70 గళ్ల వెడల్పు, 98 గళ్ల ఎత్తు. అంటే 5 అంగుళాలకు 7. ఆరు పోగుల దారాన్ని రెండేసి పోగులుగా విడదీసి రెండు నెలలు కుట్టాను. చెమట మరకలు పోతాయని గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టాను. ఎరుపు దిగి రేకుల చుట్టూ గులాబీ రంగు మరక పరుచుకుంది. కేసరం చివర పసుపు కుట్లు నారింజ రంగుకు తిరిగాయి. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

ఆరితే మరక నిలిచిపోతుందని గుడ్డను చల్లటి నీళ్లలోనే ఉంచాను. ఇస్త్రీ చేయలేదు. బ్లీచింగ్ వేస్తే ఆకుల పచ్చదనం కూడా పోతుంది కాబట్టి అది వద్దు. నీళ్లు మారుస్తూ ఉంటే మరక పూర్తిగా వదులుతుందా? ఎవరైనా ఇలా వదిలించి ఉంటే ఎన్ని గంటలు పట్టిందో, నీళ్లలో ఇంకేమైనా కలిపారో దయచేసి చెప్పండి. ఇది మా అమ్మ కోసం కుట్టినది, ఆ మొక్క నాటింది ఆమే.