బెయ్ దావ్ కవిత్వం బుర్రకెక్కట్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (గాజువాక నుంచి): చైనా కవి బెయ్ దావ్ ఇంగ్లీషు అనువాదాలు దొరికాయి. కవితలో ఒక మాటల బొమ్మకీ ఇంకోదానికీ లంకె కనబడదు, శ్రీశ్రీలా ఊపు లేదు. ఎలా చదవాలండీ?

జవాబు 1: ఊపు కావాలంటే 1976 నాటి ‘జవాబు’ చదువు తమ్ముడూ, నేను నమ్మను అని లోకం మొహం మీదే చెప్పేస్తాడు. మిగతావి అలా ఉండవు. చైనాలో మావో నడిపిన సాంస్కృతిక విప్లవం రోజుల్లో నినాదాలు విని విని విసిగిపోయిన తరం కదా, గొంతు తగ్గించి బొమ్మలతో మాట్లాడారు. అర్థం కావట్లేదని విమర్శకులు ‘మసక కవులు’ అంటే, చివరికి ఆ పేరే ఖాయమైంది.

జవాబు 2: ఆయన ఏళ్ల తరబడి భవన నిర్మాణ కార్మికుడు, అది మర్చిపోకండి. 1978లో తోటి కవి మాంగ్ కతో కలిసి ‘నేడు’ పత్రిక పెడితే 1980లో మూయించారు. 1989 తర్వాత ప్రవాసం. అప్పటి కవితలు ఇంకా బిగుసుకుపోయాయి, నాకైతే కొన్ని మరీ పొడిగా అనిపిస్తాయి.

జవాబు 3: చిన్నవాటితో మొదలెట్టండి. ‘జీవితం’ అని శీర్షిక, కవిత మొత్తం ఒక్కటే మాట: వల. జాలారిపేటలో మా మావయ్యకి చెప్తే, “లాగేవాడా, పడ్డవాడా రాసింది?” అన్నాడు.

ప్రశ్న అడిగినవారు: ఇది బాగుంది అన్నా! ఇలాంటివే ఇంకో రెండు చెప్పండి.