గోడౌన్‌లో సరుకు తగ్గుతోంది, కెమెరాలు ఉన్నా తేలడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (షాపు ఓనర్):
మాకు మూడు షాపులు, అన్నిటికీ కలిపి ఒకటే గోడౌన్. స్టాక్ ఏడాదికోసారి లెక్కపెడతాం. ఈసారి బ్లేడ్లు, ఇయర్‌ఫోన్లు, పెర్ఫ్యూములు, అంటే చిన్నగా ఉండి ఖరీదైన సరుకే బాగా తక్కువ వచ్చింది. బయటివాళ్లు గోడౌన్‌లోకి రారు, కాబట్టి స్టాఫ్ మీదే అనుమానం. కెమెరాల రికార్డింగ్ అంతా కూర్చుని చూసే తీరిక ఎవరికీ లేదు. అందరూ పాతవాళ్లే, ఒకరిని నిలదీస్తే మిగతావాళ్ల మనసు కూడా విరిగిపోతుందని భయం. ఏం చేయమంటారు?

జవాబు (గోడౌన్ మేనేజర్):
ముందు ఎవరినీ ఏమీ అనకండి. ఏడాదికోసారి లెక్కపెడితే సరుకు పోయిందని తెలుస్తుంది గానీ ఏ వారంలో, ఎవరి డ్యూటీలో పోయిందో తెలిసే దారే ఉండదు. పైగా అదంతా దొంగతనమే అని కూడా అనలేం. సప్లయర్ తక్కువ పంపి ఉండొచ్చు, వచ్చిన ఒక్క పీస్‌ను పెట్టెగా ఎంట్రీ చేసి ఉండొచ్చు, షాపుకు పంపిన సరుకు సిస్టమ్‌లో ఎక్కి ఉండకపోవచ్చు. పోయే అవకాశం ఎక్కువున్న ఆ కొద్ది రకాలను విడిగా తాళం ఉన్న గదిలో పెట్టి వారం వారం లెక్కపెట్టండి, మిగతావి నెలకో రెండు నెలలకో చాలు. లెక్కపెట్టే మనిషికి సిస్టమ్‌లో ఎంత ఉందో కనిపించకూడదు, కనిపిస్తే చాలామంది అదే అంకె వేసేస్తారు. లారీ దించేటప్పుడూ అంతే, ఇన్‌వాయిస్ చేతికివ్వకుండా ఎన్ని దిగాయో రాయించి, ఆ తర్వాత పోల్చండి.

జవాబు (ఆడిటర్):
పైన చెప్పినదంతా సరే, కానీ నాకు అసలు అడగాలనిపించేది ఒకటే: మీ దగ్గర స్టాక్ అడ్జస్ట్‌మెంట్, అంటే లెక్కలో తేడా వస్తే సిస్టమ్‌లో అంకె మార్చడం, ఎవరు చేస్తారు? ఆర్డర్ పెట్టేదీ, సరుకు దించుకునేదీ, ఎంట్రీ చేసేదీ, తేడా వస్తే సరిచేసేదీ ఒక్కరే అయితే ఆ మనిషి ఎంత మంచివాడైనా సరే ఆ ఏర్పాటు తప్పు, ఎందుకంటే సరుకు తీసి అంకె దిద్దేస్తే ఏ లెక్కలోనూ తేలదు. అడ్జస్ట్‌మెంట్‌కు కారణం రాయాలి, రెండో మనిషి ఒప్పుకోవాలి. డ్యామేజీ సరుకును ఇద్దరి ముందే పారేయాలి. చాలాచోట్ల సరుకు బయటికి పోయేది డ్యామేజీ పేరుతోనే, అందుకే డ్యామేజీ రిజిస్టర్ తీసి ఏ రకాలు మాటిమాటికీ వస్తున్నాయో, ఎవరి సంతకంతో వస్తున్నాయో చూడండి. గోడౌన్ నుంచి షాపుకు వెళ్లే సరుకును రెండు చివర్లా విడివిడిగా లెక్కపెట్టించండి.

జవాబు (కొత్త సభ్యుడు):
ఇంత తతంగం ఎందుకండీ, రోజూ బయటికెళ్లేటప్పుడు బ్యాగులు వెతికితే సరిపోదా?

జవాబు (గోడౌన్‌లో పనిచేసేవాడిని):
సరిపోదు. మా బ్యాగులు వెతుకుతారు, మేనేజర్ బ్యాగు ముట్టుకోరు, అది చూసి మాకు కలిగే బాధ చెప్పలేను. వెతికితే అందరివీ వెతకాలి. అయినా సరుకు బ్యాగులోనే వెళ్లాలని లేదు, ఖాళీ అట్టపెట్టెల్లో చెత్తతో పాటు వెళ్తుంది. పెట్టెలన్నీ విప్పి చదును చేశాకే, సూపర్‌వైజర్ ఉండగానే వెనక తలుపు తీయాలి. ఇంకోటి, లాగిన్ అందరికీ ఒకటే ఉంటే దయచేసి ఈరోజే మార్చండి. ఒకడు చేసిన పనికి మేమందరం దొంగల్లా నిలబడాల్సి వస్తోంది. ఎవరికి వారికి లాగిన్ ఉంటే నిజాయితీగా ఉన్నవాడికే మేలు.

జవాబు (ఆడిటర్):
ఈయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. నిజాయితీగా ఉన్న స్టాఫే చాలాసార్లు విషయం బయటపెడతారు కూడా. మోసాలను పరిశోధించే నిపుణుల అంతర్జాతీయ సంఘం ఏసీఎఫ్‌ఈ 2024 నివేదిక ప్రకారం, బయటపడిన కేసుల్లో 43 శాతం ఎవరో ఒకరు సమాచారం ఇవ్వడం వల్లే తెలిశాయి, అలా చెప్పినవాళ్లలో సగానికి పైగా ఆ సంస్థల ఉద్యోగులే. పేరు బయటికి రాకుండా చెప్పే దారి ఒకటి పెట్టండి. అది సూపర్‌వైజర్ చేతిలోంచి కాకుండా నేరుగా మీకు చేరాలి.

ప్రశ్న అడిగినవారు:
లాగిన్ ఒకటే ఉంది, అడ్జస్ట్‌మెంట్లు వేసేది కూడా గోడౌన్ ఇన్‌చార్జే. ఈ రెండూ ఈ వారమే మారుస్తాను. పాత అడ్జస్ట్‌మెంట్లు కూడా తవ్వాలా?

జవాబు (ఆడిటర్):
తవ్వండి, కానీ ముందు ఆ అడ్జస్ట్‌మెంట్ల రిపోర్ట్ డౌన్‌లోడ్ చేసి మీ దగ్గర దాచుకుని, లాగిన్లు ఆ తర్వాతే మార్చండి.