పాత కారు చెక్క డాష్‌బోర్డు: పాలిష్ సరే, అక్షరాల సంగతేంటి?

నా పాత కారు డాష్‌బోర్డు మీద వాల్‌నట్ వెనీర్ (అంటించిన పల్చటి చెక్క పొర) ఉంది. ఎండకి వార్నిష్ పగిలి పెచ్చులు లేస్తోంది. గేజీలు, స్విచ్చులు విప్పేశాను (వైర్లకి చీటీలు కట్టాను, ఆ మాత్రం తెలివి ఉంది!). వెనీర్ మిల్లీమీటరు మందం కూడా లేదు, కాబట్టి సాండింగ్ మెషిన్ జోలికి పోను. వార్నిష్ రిమూవర్ రాసి మెల్లగా గీకుతాను.

అసలు టెన్షన్ అక్షరాలతోనే. స్విచ్చుల కింద తెల్లగా ఉన్నవి చెక్కినవి కావు, అచ్చు వేసినవి. వార్నిష్‌తో పాటే పోతాయి. ఫొటోలు తీసి, కొలతలు రాసుకున్నాను. కొత్తగా వాటర్ స్లైడ్ డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి, జార్చి అంటించే పల్చటి అచ్చు స్టిక్కర్లు) అంటించి పైన లక్కర్ స్ప్రే చేస్తే, అందులోని థిన్నర్‌కి అవి ముడుచుకుపోవా? ముందు పల్చటి పొరలు రెండు మూడు ఆరనిచ్చి, ఆ తర్వాత మందంగా కొడితే సరిపోతుందా? లేక స్టెన్సిల్‌తో రంగు వేయడమే నయమా? స్వయంగా చేసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.