ఆటలో పెంచిన కుక్క పోయిందని పిల్ల ఏడుస్తుంటే నవ్వి వదిలేయాలా?

శ్రావణి_మియాపూర్:
మా అక్క కూతురు ఐదో తరగతి. రోబ్లాక్స్ అనే ఆన్‌లైన్ ఆటల యాప్‌లో అడాప్ట్ మీ అనే ఆట ఆడుతుంది. తెలియనివాళ్ళకి: గుడ్డు పొదిగితే పెట్ వస్తుంది, దానికి ఆకలి, నిద్ర, స్నానం చూసుకుంటూ పోతే పెరుగుతుంది. దీని కుక్క పేరు చిట్టి. పుట్టినరోజుకి రోబక్స్‌తో (డబ్బు పెట్టి కొనే ఆట నాణేలు) దాన్ని ఎగిరేలా చేసే మందు కొనిచ్చింది నేనే. మొన్న ఎవరో ఆటగాడు "నాకివ్వు, నియాన్ చేసి తిరిగిస్తా" అంటే నమ్మి ఇచ్చేసింది. వాడు అటునుంచి అటే పోయాడు. పిల్ల ఒకటే ఏడుపు. మా బావగారేమో "ఫోన్లో కుక్కకి ఇంత సీనా" అని నవ్వుతున్నారు. ఇంట్లో దొంగతనం జరిగితే ఇలాగే నవ్వుతారా?

వంశీ_కొత్తపేట:
పిక్సెల్స్ అక్కా. అన్‌ఇన్‌స్టాల్ చేసెయ్.

గోదారి_గట్టు:
దొంగతనం అనకండి. ఆ ఆట మా వాడు కూడా ఆడాడు కాబట్టి చెప్తున్నా. ట్రేడ్‌కి, అంటే పెట్లు ఇచ్చిపుచ్చుకోవడానికి, ఇద్దరూ ఒప్పుకోవాలి, ఒప్పుకున్నాక మళ్ళీ ఖరారు చేయాలి. అరుదైన పెట్లయితే ముందు మోసాల మీద చిన్న పరీక్ష పాసై లైసెన్స్ తెచ్చుకోవాలి. ఇన్ని తలుపులు దాటి చేత్తో ఇచ్చాక అది దానం.

శ్రావణి_మియాపూర్:
తిరిగిస్తానని చెప్పి తీసుకుని ఇవ్వకపోతే దానమా? మీ ఊళ్ళో చేబదులు తీసుకున్నవాడు ఎగ్గొడితే దానం ఇచ్చాననుకుంటారా?

గోదారి_గట్టు:
చేబదులు ఎగ్గొడితే అది మోసం. నేనన్నది దొంగతనం కాదని. రెండిటికీ తేడా ఉంది.

పాతగేమర్:
మామూలు కుక్కేనా? నా దగ్గర నియాన్ కుక్క ఊరికే పడుంది. పాప యూజర్ నేమ్ పంపండి, ఇచ్చేస్తా.

శ్రావణి_మియాపూర్:
చాలా థ్యాంక్స్ అన్నా. అడిగాను. "అది చిట్టి కాదుగా" అంది.

గోదారి_గట్టు:
చూశారా, ఇక్కడే నాకు అర్థం కానిది. నియాన్ అంటే ఏమిటో ఇక్కడ ఎంతమందికి తెలుసు? పూర్తిగా పెరిగిన ఒకే రకం పెట్లు నాలుగింటిని కలిపేస్తే మెరిసేది ఒకటి వస్తుంది. ఆ నాలుగూ పోతాయి. అలాంటి నియాన్లు నాలుగు కలిపితే మెగా నియాన్. అంటే చిట్టిని ఇంకో మూడు కుక్కలతో కలిపి కరిగించడానికి పిల్లే సిద్ధపడింది. అంత ప్రాణమైతే ఎలా ఇచ్చింది? వాడు నిజంగా చేసి తెచ్చిచ్చినా అందులో చిట్టి ఎక్కడుంటుంది? ప్రాణం పెట్టి పెంచినవాడు ఆ పని చేయడు. సరుకు అనుకున్నవాడే చేస్తాడు.

శ్రావణి_మియాపూర్:
దానికి పదేళ్ళండీ! చిట్టి ఒంటికి మెరుపు వస్తుందనుకుంది. సరుకే అనుకుంటే అన్న ఇస్తానన్నది ఎగిరి గంతేసి తీసుకునేది కదా, ఇంకా ఖరీదైనది.

స్వాతి_డల్లాస్:
శ్రావణి గారూ, పాప చెప్పిన మాటే మాట. నేను ఇంజినీరింగ్‌లో ఉండగా ఫేస్‌బుక్‌లో పెట్ సొసైటీ ఆడేదాన్ని. కళ్ళు, చెవులు, రంగు అన్నీ మనమే ఎంచుకుని పెట్‌ని తయారు చేసుకునేవాళ్ళం. స్నానం చేయించకపోతే చుట్టూ ఈగలు ముసిరేవి. 2013 జూన్ 14న ఆ ఆట మూసేశారు. నా దాని చెవులు ఇప్పటికీ గీసి చూపించగలను. నా పెట్ నాతో మాట్లాడలేదు, నన్ను గుర్తుపట్టలేదు, అదంతా నాకు తెలుసు. తెలిసే ఏడ్చాను. తెలియక ఏడుస్తున్నారని మీరెందుకు అనుకుంటారో నాకు అర్థం కాదు.

వంశీ_కొత్తపేట:
చచ్చిపోతే ఏడవొచ్చు గానీ సర్వర్ ఆపితే కూడానా

స్వాతి_డల్లాస్:
చచ్చిపోవడమే కావాలంటే 1996లో జపాన్‌లో వచ్చిన టమాగోచీ ఉంది, చేతిలో పట్టే చిన్న బొమ్మ, దాని తెర మీద పెట్‌ని పెంచాలి. పట్టించుకోకపోతే చచ్చిపోయేది. నియోపెట్స్ అని పెట్లని పెంచే వెబ్‌సైట్ ఉంది, అందులో ఎన్నాళ్ళు తిండి పెట్టకపోయినా "చచ్చిపోతోంది" అని రాస్తారు గానీ చావదు. అయినా రెండిటి మీదా జనం బెంగపడ్డారు. చావుతో ముడిపెట్టకండి.

గోదారి_గట్టు:
మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా చిన్నోడు తుపాకుల ఆట ఒకటి ఆడేవాడు. అందులోనూ పెట్లు ఉంటాయి, దాన్ని వెంటేసుకుంటే ఏదో శక్తి వస్తుంది. వాళ్ళమ్మ ఫోన్‌లో యూపీఐ పిన్ కొట్టి ఆ ఆటలో వాడే డైమండ్లు కొనేశాడు. ఎరువుల కోసం ఉంచిన డబ్బు. అడిగితే "దానికి లెవెల్ పెంచాలి నాన్నా" అన్నాడు. ఇంట్లో నిజం కుక్క ఉంది, దానికి ఏనాడూ ముద్ద పెట్టిన పాపాన పోలేదు.

శ్రావణి_మియాపూర్:
అది మీవాడి సంగతి. మా పిల్ల డబ్బు ముట్టుకోలేదు. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టకండి.

గోదారి_గట్టు:
అయితే నిజం కుక్కని తెచ్చివ్వండి. సమస్య తీరిపోతుంది.

శ్రావణి_మియాపూర్:
భలే చెప్పారు. ఇంటి ఓనర్ అగ్రిమెంట్‌లోనే కుక్కలు వద్దని రాయించుకున్నాడు. చేపల తొట్టెకి కూడా ఒప్పుకోలేదు. అక్కాబావా ఇద్దరూ రాత్రి ఎనిమిదికి వస్తారు. మీకు పెరడుంది, గేదెలున్నాయి, కుక్క దానంతటదే పెరుగుతుంది. ఫ్లాట్‌లో పెరిగే పిల్ల ఏం చేయాలి? కుక్క అడిగితే వద్దన్నారు. కిందకెళ్ళి ఆడుకుంటానంటే బళ్ళొస్తాయి వద్దన్నారు. వీళ్ళే ఫోన్ చేతికిచ్చారు. తీరా అందులో ఒకదాన్ని పెంచుకుంటే నవ్వుతారా? మీ నవ్వు, మా బావ నవ్వు ఒకటే!

గోదారి_గట్టు:
నేను ఎక్కడ నవ్వానమ్మా? మొదటి నుంచీ చదవండి. పిల్ల ఏడుపు అబద్ధమని ఒక్క ముక్క అనలేదు. నిజం కాబట్టే ఒళ్ళు మండుతోంది. ఆ పిల్ల ప్రేమకి గేటు కట్టి టికెట్లు అమ్ముతున్నవాడున్నాడు. మామూలు కుక్క ఎగరదు, మందు కొంటే ఎగురుతుంది. ఒకటి చాలదు, నాలుగు కావాలి. నాలుగూ అయ్యాక పదహారు. ఆ యావ ఉంది కాబట్టే ఎవడో వచ్చి "నియాన్ చేస్తా" అంటే పిల్ల నమ్మింది. మీరు దొంగ దొంగ అని ఒక్కణ్ణే తిడుతున్నారు. ఆ ఎగిరే మందు మీరే కొనిచ్చానన్నారు కదా, ఎంతకి?

శ్రావణి_మియాపూర్:
ఎంతకైతే మీకేం? అక్క కూతురికి గౌను కొంటే లెక్క అడుగుతారా? పిల్ల సంతోషం కొన్నాను.

గోదారి_గట్టు:
గౌను మీ ఇంట్లో ఉంటుంది. ఇది వాడి ఇంట్లో ఉంది. వాడు తలుపేస్తే, పైన స్వాతి గారి ఆటలా, బొమ్మా లేదు డబ్బూ లేదు.

మోడరేటర్:
ఎవరింట్లో ఏం కొన్నారో అడగడం ఇక్కడితో ఆపండి. ఇంకొకటి, పిల్లల యూజర్ నేమ్‌లు ఇక్కడ ఎవరూ అడగకూడదు, పెట్టకూడదు. పాతగేమర్ గారూ, మీ ఉద్దేశం మంచిదే అయినా.

పాతగేమర్:
సారీ. ట్రేడ్ హిస్టరీలో వాడి పేరు ఉంటుంది. స్క్రీన్‌షాట్ తీసి రిపోర్ట్ కొట్టండి. చిట్టి తిరిగొస్తుందని మాత్రం పాపకి చెప్పకండి.

స్వాతి_డల్లాస్:
గోదారి గారూ, మీ లెక్కలో నేనెక్కడ వస్తాను? పెట్ సొసైటీలో నేను ఒక్క పైసా పెట్టలేదు. మరి నా ఏడుపు ఎవడు అమ్మినట్టు?

గోదారి_గట్టు:
పైసా పెట్టకపోయి ఉండొచ్చు. రమ్మని ఊరందరికీ రిక్వెస్టులు పంపలేదా?

స్వాతి_డల్లాస్:
పంపాను. మా పెద్దమ్మకి కూడా. ఆవిడ నాకంటే ఎక్కువ ఆడింది.