అప్‌డేట్: రేటు సగం చేస్తామన్నారు, పాత బిల్లూ ఆపేశారు అని అడిగాను కదా

పర్లాకిమిడి నుంచి జావా ప్రోగ్రామింగ్ కాంట్రాక్టు పనులు చేసేవాడిని నేనే. గంటకు 900 ఇచ్చే క్లయింటు 450కి దిగమన్నాడు, రెండు నెలల బిల్లు ఆపేశాడు, ఏం చేయమంటారని మూడు నెలల కిందట అడిగాను.

ముందు బిల్లు సంగతి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం, అంటే చిన్న సంస్థల చట్టం, వాడుకోమని ఒక అన్న చెప్పారు. నాకు ఈ పని మొదలవకముందు నుంచే ఉంది. ఒప్పందంలో ఏం రాసుకున్నా బిల్లు కట్టే గడువు 45 రోజులు దాటకూడదట. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఈ ముక్కే మర్యాదగా మెయిల్‌లో రాసి, ఇలాంటి బాకీల ఫిర్యాదులు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తానన్నాను. తొమ్మిదో రోజు పొద్దున్న అమ్మ ఇడ్లీ ప్లేటు ముందు పెడుతుంటే ఫోన్ మోగింది. టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పోను మొత్తం డబ్బు పడింది. నా మొహం చూసి "ఏటైందిరా?" అని అమ్మ కంగారుపడిపోయింది. నాకు మాట రాలేదు.

450కి మాత్రం ఒప్పుకోలేదు. తర్వాత ఏడు వారాలు ఒక్క పనీ లేదు. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు. వారం వారం బిల్లు పద్ధతిలో 600కి ఇప్పుడొకటి దొరికింది, ఆరు నెలలకే. సాయంత్రాలు పాతపట్నంలో రెండు దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూస్తున్నాను. డబ్బు కొంచెమే, కానీ చేతికి చేతే ఇస్తున్నారు.

ఆ చట్టం గురించి చెప్పిన అన్నకు, రాత్రిపూట ఫోన్ చేసి ధైర్యం చెప్పిన బరంపురం అక్కకు దండాలు.